ఏఐ ఏజెంట్‌కి ఇచ్చే టూల్ డిస్క్రిప్షన్ ఎంత పెద్దగా ఉండాలి?

టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో ఏజెంట్‌కి చెప్పే ఆ వివరణకి రెండు లైన్లు చాలవా, ఎక్కువ రాస్తే టోకెన్లు (మోడల్ చదివే మాట ముక్కలు, వాటి లెక్కనే ఖర్చు) దండగ కదా అని అడిగారు. పొడుగు సంగతి తర్వాత. ఆ డిస్క్రిప్షన్ రాస్తున్నది ఎవరో ముందు చూడండి. నేను విశాఖలో రొయ్యల ప్లాంట్ కొనుగోలు విభాగంలో చేసి, తర్వాత రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ పనిలోకి వచ్చాను. రెండు పక్కలా చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: కోడ్ రాసినవాళ్లు ఒక్కరే కూర్చుని రాసే డిస్క్రిప్షన్ దాదాపు ఎప్పుడూ పనికిరాదు.

ఆమధ్య ఇక్కడి ఒక ఎగుమతి కంపెనీకి ఏజెంట్ తయారుచేశారు. అందులో రెండు టూల్స్. ఒకటి చెరువు దగ్గరి రేటు చెబుతుంది, ఇంకోటి కోల్డ్ స్టోరేజీలో ఉన్న స్టాక్. రెండింటికీ ‘కౌంట్’ అనే పారామీటర్, అంటే టూల్‌ని వాడేటప్పుడు ఇవ్వాల్సిన విలువ, ఉంది. దాని వివరణ ‘రొయ్యల కౌంట్, సంఖ్య’. అంతే.

చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని. అదే తల తీసిన హెడ్‌లెస్ సరుకు అమెరికాకి వెళ్లేటప్పుడు 26/30 అంటే పౌండ్‌కి 26 నుంచి 30. కొనుగోలు మేనేజర్ ఒక సాయంత్రం ‘26/30 ఆర్డర్ ఉంది, ఏ సరుకు కొనాలి, రేటెంత’ అని అడిగారు. ఏజెంట్ తడుముకోకుండా 30 కౌంట్ రేటు చెప్పింది. కిలోకి 30 అంటే ఒక్కో రొయ్య సుమారు 33 గ్రాములు. పౌండ్‌కి 26/30 అంటే తల లేకుండా 15 నుంచి 17 గ్రాములు. తల బరువు మూడో వంతు అనుకున్నా 40 కౌంట్ సరుకు సరిపోతుంది. ఆ మాట నమ్మితే అనవసరంగా పెద్ద రొయ్య కొని, కిలోకి పదుల రూపాయలు ఎక్కువ కట్టేవాళ్లు. ఆయన అనుభవం ఉన్న మనిషి కాబట్టి ఆగారు. కొత్త కుర్రాడైతే వెంటనే రైతుకి ఫోన్ చేసేసేవాడు.

దీనికి ఆ టీమ్ ఏమందో తెలుసా? ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్‌కి తెలివి చాలట్లేదు, పెద్ద మోడల్‌కి మారదామని. మార్చారు. అదే జవాబు వచ్చింది. నాకు ఒళ్లు మండే విషయం ఇదే. మోడల్‌కి కనిపించేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల వివరాలు మాత్రమే. లోపల కోడ్‌లో ఏముందో దానికి తెలీదు. కిలోనో పౌండో ఎక్కడా రాయకపోతే ఏ మోడలైనా ఊహించడమే కదా!

గ్రేడింగ్ సెక్షన్‌లో ఏళ్ల తరబడి చేస్తున్న ఒక అక్కని కూర్చోబెట్టుకుని తిరగరాశాం. ‘చెరువు దగ్గర కొనే, తలతో ఉన్న వనామి రొయ్యల ఈ రోజు కిలో రేటు ఇస్తుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. 26/30 లాంటి ఎగుమతి గ్రేడ్లు ఇక్కడ ఇవ్వకూడదు, అవి పౌండ్ లెక్క.’ కౌంట్ తగ్గితే రొయ్య పెద్దదన్న వాక్యం ఆవిడదే. అంతకుముందు ‘ఇంకా పెద్ద సైజు చూపించు’ అంటే ఏజెంట్ 50, 60 కౌంట్లు చూపించేది. స్టాక్ టూల్‌లో గ్రేడ్‌ని ఇష్టమొచ్చిన సంఖ్యగా కాకుండా ఖాయమైన జాబితాగా పెట్టాం. పొరపాటున రేటు టూల్‌కి 26/30 వెళ్తే ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అనే బదులు, ఇది పౌండ్ గ్రేడ్, ముందు మార్పిడి టూల్ వాడు అని ఎర్రర్‌లోనే చెప్పించాం. తల తీస్తే ఎంత తగ్గుతుందన్న లెక్క, పౌండ్ గ్రేడ్‌ని కిలో కౌంట్‌గా మార్చడానికి కొత్తగా చేర్చిన ఆ మార్పిడి టూల్ చూసుకుంటుంది, మోడల్ ఊహకి వదల్లేదు.

టోకెన్ల సంగతంటారా, డిస్క్రిప్షన్ ప్రతి రిక్వెస్ట్‌తోనూ వెళ్తుంది, నిజమే. అలాగని వాక్యాలు కోసేయకండి, వాడని టూల్స్ తీసేయండి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ (ఏజెంట్లకి బయటి టూల్స్ కలిపే ఉమ్మడి పద్ధతి) తెచ్చాక, వేరేవాళ్లు తయారుచేసిన టూల్స్ ఉన్న రెడీమేడ్ సర్వర్లు తగిలించడం తేలికైంది. ఎవరో ఎక్కడో రాసిన వివరణలు, ‘సెర్చ్’ పేరుతో నాలుగు టూల్స్, అన్నీ ఒకే ఏజెంట్ నెత్తిన. వాటిలో ఏది ఎప్పుడు వాడాలో మీ పక్క సీటు మనిషి చెప్పలేకపోతే మోడల్ కూడా చెప్పలేదు. ఇంకొందరు ప్రతి వాక్యానికీ ‘చాలా ముఖ్యం’ అని తగిలిస్తారు. అన్నీ ముఖ్యమైతే అది దేన్ని పట్టించుకోవాలి?

మీ టూల్స్ ఏ పనికో ప్రశ్నలో రాయలేదు. ఆ పని రోజూ చేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చుని రాయండి, ఆరేడు వాక్యాలైనా పర్లేదు. రాసింది ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.