కుక్క నీళ్లు ఎక్కువ తాగుతోంది, ముందు ఏ పరీక్ష చేయించాలి?

రైతు సందేహం: పొలం కాపలాకు పెంచుకున్న ఆడకుక్కకు ఎనిమిదేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. నెల రోజులుగా నీళ్లు విపరీతంగా తాగుతోంది, మూత్రం ఎక్కువగా పోస్తోంది, బాగా తింటున్నా చిక్కిపోతోంది. ల్యాబ్‌లో చాలా పరీక్షలు కలిపి ఒకే ప్యాకేజీగా చేస్తామంటున్నారు. అది చేయిస్తే రోగం బయటపడుతుందా? ఇంట్లో రెండు నెలల కుక్కపిల్ల, ఒక పిల్లి ఉన్నాయి. అవి హుషారుగానే ఉన్నాయి. వాటికీ పరీక్షలు అవసరమా?

నిపుణుల సలహా: ప్యాకేజీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క విషయం గుర్తు తెచ్చుకోండి. మీ కుక్క చివరిసారి ఎదకు ఎప్పుడు వచ్చింది? ఎద ముగిసి రెండు నెలల లోపే అయితే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. ఈ జబ్బులో కూడా కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది. కొన్నింటికి యోని నుంచి చీము కారుతుంది. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే చీము బయటికి రాదు, లోపలే నిండుతుంది. అది ఇంకా ప్రమాదం. తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, పొట్ట ఉబ్బినా ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో ఇది సాధారణంగా తెలిసిపోతుంది.

మీ కుక్క బాగా తింటోందని రాశారు కాబట్టి నా అనుమానం ఎక్కువగా షుగర్ మీద ఉంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఎద తర్వాత సుమారు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, చూలు కట్టినా కట్టకపోయినా. ఇన్సులిన్ పనిని అది అడ్డుకుంటుంది. వయసు మళ్లిన ఆడకుక్కల్లో షుగర్ బయటపడటానికి ఇదొక ముఖ్య కారణం. కిడ్నీ జబ్బులోనూ దాహం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. కానీ అందులో సాధారణంగా ఆకలి మందగిస్తుంది.

డాక్టరు దగ్గరకు వెళ్లేలోపు ఇంట్లో ఒక పని చేయండి. ఒక రోజంతా కుక్కను కట్టేసి, కొలిచిన నీళ్లే పెట్టండి. వదిలేస్తే తొట్టిలోనో కాలువలోనో తాగేస్తుంది, లెక్క తప్పుతుంది. 24 గంటల్లో కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది మామూలు దాహం కాదు. అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్లకు మించి తాగుతుంటే అనుమానించాలి. బరువు తెలియకపోతే కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసేయండి. ఎంత తాగినా నీళ్లు మాత్రం తగ్గించకండి. మూత్రంలో పోతున్న నీటి కోసమే అది తాగుతోంది. ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

పరీక్షల్లో మొదటిది మూత్ర పరీక్ష. చాలామంది రక్తం తీయించి దీన్ని వదిలేస్తారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. పొద్దున్నే పోసే మొదటి మూత్రాన్ని కడిగి ఆరబెట్టిన గిన్నెలో పట్టి, గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. మూత్రంలో గ్లూకోజు కనిపించి, రక్తంలోనూ ఎక్కువ ఉంటే షుగర్ అన్నమాటే. కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాలు) కూడా ఉంటే చికిత్స ఆ రోజే మొదలవ్వాలి. గ్లూకోజు లేకపోతే మూత్రం చిక్కదనం చూడాలి. దీన్ని రిఫ్రాక్టోమీటరు అనే పరికరంతో కొలవమనండి, మూత్రంలో ముంచే స్ట్రిప్ మీద చూపించే అంకెను పశువుల విషయంలో నమ్మలేం. ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు కూడా రిఫ్రాక్టోమీటరు అంకె 1.030 దాటకపోతే కిడ్నీల మీద అనుమానం పెరుగుతుంది.

ఆ తర్వాత రక్త పరీక్ష. గ్లూకోజు, క్రియాటినిన్, యూరియా (ఈ రెండూ కిడ్నీలు బయటికి పంపే వ్యర్థాలు), లివర్ ఎంజైములు, రక్తకణాల లెక్క చాలు. క్రియాటినిన్ మామూలుగా ఉందని కిడ్నీలు బాగున్నాయని అనుకోకండి. కిడ్నీ సామర్థ్యంలో సుమారు నాలుగింట మూడొంతులు పోయాక గానీ అది పెరగదు. మూత్రం పలుచబడటం అంతకు ముందే మొదలవుతుంది. మూత్రం ముందు అన్నది అందుకే. రక్తం తీయడానికి ముందు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు పెట్టండి. తిన్న వెంటనే తీస్తే రక్తంలో కొవ్వు తేలి అంకెలు తారుమారవుతాయి. మనుషుల ల్యాబ్‌లో ఇస్తే మిషన్‌ను కుక్క రక్తానికి సెట్ చేశారో లేదో అడగండి. రిపోర్టులో పక్కన అచ్చయ్యే మనుషుల నార్మల్ అంకెలతో కుక్క అంకెలు పోల్చకూడదు.

ఇక ప్యాకేజీ. నార్మల్ అని రాసే హద్దులు ఆరోగ్యంగా ఉన్న నూటికి 95 జంతువుల్లో కనిపించే అంకెలు. మిగతా ఐదూ ఆరోగ్యంగా ఉన్నవే, అయినా హద్దు దాటుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు ఇరవై చేస్తే, ఏ జబ్బూ లేని కుక్కలో కూడా కనీసం ఒకటి తేడాగా రావడానికి నూటికి 64 వంతుల అవకాశం ఉంది. ఆ ఒక్క అంకె పట్టుకుని టెన్షన్ పడి మందులు వాడేస్తారు. కుక్కను ఒళ్లంతా తడిమి చూసి, మీరు చెప్పేది విని, ఏ ప్రశ్నకు జవాబు కావాలో డాక్టరు తేల్చుకున్నాకే పరీక్ష రాయాలి.

పొలం కుక్క కాబట్టి పిడుదుల సంగతి కూడా చెప్పాలి. కొన్నిచోట్ల వీటిని గోమార్లు అంటారు. ఇవి ఎర్లీకియా, బబీసియా అనే రక్తపు జబ్బులను అంటిస్తాయి. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూడాలి. ఎర్లీకియా మాత్రం అలా చాలాసార్లు దొరకదు. ప్లేట్‌లెట్లు తగ్గాయా చూసి, అవసరమైతే పీసీఆర్ చేయించాలి. యాంటీబాడీ కిట్ పరీక్ష జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి పాజిటివ్ చూపుతుంది. ఒక్క ఆ గీత చూసి మళ్లీ మందు మొదలుపెట్టకండి.

కుక్కపిల్లకు మల పరీక్ష ఒక్కటి చాలు. ఏలికపాములు, కొంకిపురుగులు తల్లి నుంచే రావచ్చు. పరీక్షలో గుడ్లు కనిపించకపోయినా డాక్టరు చెప్పిన ప్రకారం నులిపురుగుల మందు వేయించండి, ఈ పురుగులు ఇంట్లో చిన్నపిల్లలకూ అంటుతాయి. పిల్లికి ఏటా ఒకసారి బరువు, నోరు, దంతాలు చూపించండి. ఏడెనిమిదేళ్లు దాటాక మూత్రం, రక్తం కూడా చూపించాలి. పిల్లి భయపడినా గ్లూకోజు పెరుగుతుంది, కాబట్టి ఒక్కసారి ఎక్కువ వచ్చిందని షుగర్ అని ముద్ర వేయకూడదు. ఫ్రక్టోసమీన్ అనే రక్త పరీక్ష గత రెండు మూడు వారాల గ్లూకోజు సగటు చెబుతుంది.

రేబిస్‌కు మాత్రం బతికున్న కుక్కలో నమ్మదగిన పరీక్ష లేదు. చనిపోయాక మెదడులో చూసి తేల్చాల్సిందే. మూడింటికీ టీకా కార్డులు ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. పిల్లికి వేయించకపోతే దానికి వెంటనే, కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే వేయించండి. పెద్ద కుక్క టీకా గడువు దాటిపోయి ఉంటే పరీక్షలకు తీసుకెళ్లినప్పుడు ఆ మాట డాక్టరుకు చెప్పండి.