కప్పెక్కకుండా కప్పు కొలిచే ఉద్యోగం: చదువు ఆపి చేరాల్సినంత తొందరేమీ లేదు

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి సివిల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాడు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి అమెరికాలో ఇళ్ల కప్పులు కొలిచే పని ఉందని, శిక్షణ ఇచ్చి ఉద్యోగం ఇప్పిస్తామని విజయవాడలో ఒక సంస్థ వాళ్లు చెప్పారు. ఫీజు ముందే కట్టాలట. మావాడు చదువు ఆపి చేరతానంటున్నాడు. కప్పెక్కకుండా కొలవడం అయ్యే పనేనా? దాన్ని నమ్ముకోవచ్చా? – ఒక తల్లి

జవాబు: పని నిజమేనమ్మా. అక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం ఏటవాలు కప్పులే. వడగళ్లు పడ్డా, గాలివాన వచ్చినా కప్పు మార్చాలి. దానికి కాంట్రాక్టరుకూ బీమా కంపెనీకీ ముందు కొలతలు కావాలి. ఒకప్పుడు నిచ్చెన వేసుకుని మనిషి పైకెక్కి టేపు పట్టేవాడు. ఇప్పుడు విమానం నుంచో డ్రోన్ నుంచో తీసిన ఫొటోల మీద ఆ పని జరుగుతోంది. మనిషి పడిపోయే ప్రమాదం తప్పుతుంది, కొలతల కోసం బండి వేసుకుని తిరిగే డీజిల్ మిగులుతుంది, లెక్క సరిగ్గా ఉంటే సరుకు మిగిలి చెత్తకుప్పకు పోదు.

మన దగ్గరా ఈ అవసరం తక్కువేం కాదు. గుంటూరు మిర్చి గోదాములు, పత్తి మిల్లులు, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పాత సిమెంటు రేకులు ఇంకా చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎండిన రేకు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు వేస్తే ఒక్కసారిగా విరుగుతుంది. మనిషి నేరుగా కింద గచ్చు మీద పడతాడు. అలాంటి కప్పు మీదికి కొలతల కోసం ఎవరినీ ఎక్కించకూడదు.

ఇక అసలు సంగతి. ఫొటో మీద కప్పు అంచుల వెంట గీతలు గీయడం పది పదిహేను రోజుల్లో ఎవరికైనా వచ్చేస్తుంది. ఆ గీతలు గీసే సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పటికే ఉంది. గీత గీయడమొక్కటే వచ్చినవాడికి ఈ పనిలో ఎక్కువ కాలం చోటుండదు. గీత ఎక్కడ తప్పిందో పట్టుకునేవాడే నిలబడతాడు. అది పట్టుకోవాలంటే కప్పు ఎలా కడతారో తెలియాలి, మీవాడు చదువుతున్నది ఆ చదువే. కాబట్టి డిప్లొమా మధ్యలో ఆపనివ్వకండి.

తప్పు ఎక్కువగా వాలు దగ్గరే జరుగుతుంది. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే ఏటవాలు కప్పు అసలు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఫొటోలో వచ్చిన వైశాల్యాన్ని వాలును బట్టి ఒక గుణకంతో పెంచాలి. అమెరికాలో వాలును 12 అంగుళాల అడ్డానికి ఎన్ని అంగుళాలు లేస్తుందో చెబుతారు. 4 లేస్తే గుణకం 1.054, 6 లేస్తే 1.118, 8 లేస్తే 1.202. ఫొటోలో 1,600 చదరపు అడుగులు వచ్చిన ఇంటికి వాలు 12కి 6 అనుకోండి. 1,600ను 1.118తో గుణిస్తే సుమారు 1,789. కోతలకూ వృథాకూ 10 శాతం కలిపితే 1,968. అక్కడ 100 చదరపు అడుగులను ఒక స్క్వేరు అంటారు, అక్కడ కప్పు మీద పరిచే మామూలు షింగిల్స్ (పలకలు) అయితే స్క్వేరుకు మూడు కట్టలు. అంటే 20 స్క్వేర్లు, 60 కట్టలు. ఇదే కప్పుకు వాలు 12కి 4 అని పొరబడితే దాదాపు 6 శాతం సరుకు తగ్గుతుంది. సగం కప్పు విప్పి కూర్చున్నాక, పైన మబ్బు పట్టి ఉండగా ఆ సంగతి బయటపడుతుంది. ఒక మంచి విషయం: అన్ని వైపులా వాలు ఒకటే అయితే, కప్పు రెండు వాలులదైనా నాలుగు వాలులదైనా ఈ లెక్క మారదు. మారేది వృథా. మూలలు, వాలులు కలిసే లోయలు పెరిగేకొద్దీ కోతలు పెరుగుతాయి. అలాంటి కప్పుకు 10 బదులు 15 శాతం వేసుకోవాలి.

రెండో తప్పు ఫొటోను గుడ్డిగా నమ్మడం. మార్కెట్లో దొరికే మంచి శాటిలైట్ చిత్రంలో ఒక చుక్క (పిక్సెల్) అంటే నేల మీద 30 సెంటీమీటర్లు. 10 మీటర్ల కప్పుకు ఒక్క చుక్క తేడా వచ్చిందంటే పొడవులో 3 శాతం, వెడల్పులోనూ అంతే పోతే వైశాల్యంలో 6 శాతం. పైగా కెమెరా పక్కకు వాలి ఉంటే భవనం ఒరిగినట్టు పడుతుంది, కప్పు ఒకచోట, గోడ అడుగు ఒకచోట కనిపిస్తాయి. కొత్తవాళ్లు గోడ అడుగు నుంచి కప్పు చివరిదాకా కలిపి కొలిచేస్తారు. చూరు మీదికి వేపచెట్టు వాలితే కొమ్మల అంచునే కప్పు అంచు అనుకుంటారు. ఫొటో తీసిన తేదీ చూడనివాడు మొన్న దించేసిన పందిరిని కూడా లెక్కలో కలుపుతాడు.

డ్రోన్‌తో ఇంకా దగ్గరగా చూడొచ్చు. ఒక అంగుళం సెన్సర్, 8.8 మిల్లీమీటర్ల లెన్సు, అడ్డంగా 5,472 చుక్కలు ఉన్న కెమెరాతో 40 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే చుక్కకు 1.1 సెంటీమీటరు పడుతుంది. ఆ ఫొటోలన్నీ కలిపి సాఫ్ట్‌వేర్ కప్పుకు త్రీడీ మోడల్ కడుతుంది. అందుకు ముందువెనుక ఫొటోలు 80 శాతం, పక్క వరసలు 70 శాతం ఒకదాన్నొకటి కప్పాలి. నిట్టనిలువు ఫొటోలతో సరిపెట్టకుండా ఏటవాలుగా కూడా ఒక చుట్టు తీయాలి, లేకపోతే చూరు కింది అంచు సరిగా రాదు. మిట్టమధ్యాహ్నం కొత్త జింకు రేకు మీద తీశారంటే అది అద్దంలా మెరిసి, సాఫ్ట్‌వేర్‌కు పట్టు దొరక్క మోడల్‌లో గుంటలు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, నేల మీద టేపుతో కొలిచిన ఒక పొడవు ఉండాలి. మోడల్‌లో అదే పొడవు సరిపోలకపోతే రిపోర్టు పంపకూడదు.

మన షెడ్డు ఒకటి లెక్క వేసి చూడమనండి మీవాడిని. 30 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, రెండు వైపులా 15 డిగ్రీల వాలు. ఒక్కో వైపు వాలు పొడవు 9.32 మీటర్లు, చూరు 30 సెంటీమీటర్లు కలిపితే 9.62. సిమెంటు రేకు వెడల్పు 1.05 మీటర్లయినా పక్క రేకు కప్పేది పోగా నికరంగా 1.01 మిగులుతుంది. అంటే వైపుకు 30 వరసలు. నిలువునా రేకు మీద రేకు 15 సెంటీమీటర్లు ఎక్కాలి. కాబట్టి ఒక్కో వరసకు 3 మీటర్లవి మూడు, 1.5 మీటర్లది ఒకటి. మొత్తం 180 పెద్దవి, 60 చిన్నవి. రెండు వాలులు పైన కలిసే కొప్పు మీద వేసేవి వేరే లెక్క. వైశాల్యాన్ని రేకు సైజుతో భాగించేవాడికి ఈ అంకె ఎప్పటికీ రాదు. రేకు చివర పర్లిన్ (రేకులను మోసే అడ్డ దూలం) మీద కూర్చోవాలి కూడా. పర్లిన్లు పైనుంచి కనిపించవు గానీ, రేకును వాటికి బిగించే జె-హుక్ బోల్టుల వరసలు కనిపిస్తాయి, ఆ వరసల మధ్య దూరమే పర్లిన్ల దూరం. ఆ పర్లిన్ తుప్పు పట్టిందా లేదా అన్నది మాత్రం ఏ డ్రోనూ చెప్పదు. లోపలికి వెళ్లి కింద నిలబడి చూడాల్సిందే.

అమెరికా పని దొరక్కపోయినా ఇదే నైపుణ్యానికి సోలార్‌లో గిరాకీ ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, 3 కిలోవాట్లకూ ఆపైనా 78,000 రూపాయల సబ్సిడీ. కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల నీడపడని చోటు కావాలి. డాబా కొలవడం తేలికే, నీడ కొలవడమే కష్టం. మన దగ్గర డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మీటరు పిట్టగోడ నీడ 84 సెంటీమీటర్లు. అదే రోజు ఉదయం 9 గంటలకు దాదాపు 1.8 మీటర్లు. వాటర్ ట్యాంకు, పక్కింటి మూడో అంతస్తు ఇదే పద్ధతిలో చూసుకోవాలి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్), వెబ్‌ఓడీఎం (డ్రోన్ ఫొటోల నుంచి మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్) నేర్చుకోమనండి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్ (ఆకాశం నుంచి తీసిన చిత్రాలతో నేలను చదవడం) మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, అవి చేయమనండి. ఆటోక్యాడ్ ఎలాగూ వచ్చే ఉంటుంది. మీ డాబాతో మొదలుపెట్టి వీధిలో ఐదారు కప్పులు గూగుల్ ఎర్త్‌లో కొలిచి, తర్వాత టేపుతో సరిచూసి, తేడా ఎక్కడ వచ్చిందో రాసిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ కాగితాలే ఎక్కువ పనికొస్తాయి. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినా ఈ పని వెంటే వస్తుంది.

డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తర్వాత చూసుకోవచ్చు. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు కోసం పని చేయాలంటే అది తప్పనిసరి. ఎయిర్‌పోర్టు ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. కప్పుల పనికి 40 మీటర్లు, అంటే 131 అడుగులు చాలు. విజయవాడ ఎయిర్‌పోర్టున్న గన్నవరం వైపు పని పడితే మాత్రం, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే మ్యాప్‌ను ఎగరేసే రోజునే చూసుకోవాలి.

ఫీజు అడిగిన సంస్థకు మీవాడితో పాటు మీరూ వెళ్లండి. ఏదైనా ఏటవాలు ఇంటి ఫొటో ఇచ్చి, వాలు ఎలా కనిపెట్టారో, సరిచూసుకోవడానికి నేల మీది కొలత ఏది తీసుకున్నారో మీ ఎదుటే చూపించమనండి. శిక్షణ అయ్యాక పనిచ్చే కంపెనీ పేరు, రాత్రి షిఫ్టు సంగతి, జీతం నెలకా కప్పుకా అన్నది కాగితం మీద రాసివ్వమనండి. ఉద్యోగం గ్యారంటీ అని నోటిమాటగా చెప్పి, కాగితం దగ్గర నీళ్లు నమిలితే డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.