స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడి మీద హత్యాయత్నం కేసు: డాక్టరు సర్టిఫికెట్ పెడితే కొట్టేస్తారా?

మీ తమ్ముడు చాలాకాలంగా స్కిజోఫ్రీనియాకు (లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బు) మందులు వాడుతూ మధ్యలో మానేశాడని, ఆ స్థితిలో పక్కింటాయనను కత్తితో పొడిచి ఇప్పుడు రిమాండులో ఉన్నాడని రాశారు. పాత డాక్టరు సర్టిఫికెట్ చూపిస్తే కేసు కొట్టేస్తారా అని అడిగారు. దాన్ని చూసి కొట్టేయరు. అలాగని అది పనికిరాని కాగితమూ కాదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. కోర్టు పంపిన ముద్దాయిలను పరీక్షించడం, ఆనక బోనెక్కి సాక్ష్యం చెప్పడం మా ఉద్యోగంలో భాగమే.

కోర్టు తేల్చుకోవలసినవి రెండు. ఇవాళ ఇతను విచారణను అర్థం చేసుకుని తన వాదన చెప్పుకోగలడా అన్నది ఒకటి. దీనికి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టంలో, 367, 368 సెక్షన్లు ఉన్నాయి. పొడిచిన ఆ సమయంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పని, చట్టవిరుద్ధమని తెలుసుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది రెండోది. ఇది నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84. ఆ స్థితిలో లేడని తేలితే నిర్దోషి అంటారు. కోర్టుల నుంచి మాకు వచ్చే ఉత్తరాల్లో తరచుగా ‘మానసిక స్థితిపై నివేదిక పంపవలెను’ అన్న ఒక్క ముక్కే ఉండేది. ఏది అడుగుతున్నారో అర్థమయ్యేది కాదు. మీ లాయరు గారి చేత పిటిషన్‌లో రెండూ విడివిడిగా రాయించండి.

మొదటిదానికి అడిగే ప్రశ్నలు చాలా సాదాగా ఉంటాయి. నీ మీద కేసేమిటి, లాయరు ఎవరి తరఫున మాట్లాడతాడు, నేరం ఒప్పుకుంటే ఏమవుతుంది, ఇలాంటివే. ఒక కుర్రాడు సెక్షన్లు, వాయిదా తేదీలు గడగడా అప్పజెప్పాడు. లాయరు సంగతి ఎత్తగానే, ‘ఆయనకు చెప్పి లాభం లేదు సార్, నేను అనుకున్నది అనుకున్నట్టే జడ్జి గారికి వినపడిపోతోంది’ అన్నాడు. జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉన్నా విచారణకు తగిన స్థితిలో లేడని రాశాను. చికిత్సతో కుదుటపడ్డాక కేసు మళ్ళీ నడిచింది. కాబట్టి ఈ దారిలో దొరికేది వాయిదాయే.

నటిస్తున్నారేమో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. ఒక్క పూట మాట్లాడి తేల్చం, వార్డులో ఉంచి గమనిస్తాం. డాక్టరు ముందు నటించడం తేలికే. అర్ధరాత్రి ఎలా ఉన్నాడో నర్సులు రాసే నోట్సును నేను నా ఇంటర్వ్యూ కంటే ఎక్కువ నమ్మేవాణ్ణి. పైగా నిజంగా జబ్బున్నవాళ్ళలో చాలామంది తమకేమీ లేదనే వాదిస్తారు.

అసలు కష్టమంతా రెండోదానితోనే. మా దగ్గరికి వచ్చేసరికి నెలలు గడిచి, మనిషి మందులు వేసుకుని మామూలుగా మాట్లాడుతుంటాడు. ఆనాటి మనసును కాగితాల్లో, చూసినవాళ్ళ మాటల్లో వెతకాలి. ఘటనకు ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత ఎలా ప్రవర్తించాడో చూసి తేల్చాలని సుప్రీంకోర్టు 1964లోనే దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో చెప్పింది. రుజువు భారం ముద్దాయిదే అయినా, ప్రాసిక్యూషన్ మీద ఉన్నంత బరువు కాదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపగలిగితే చాలు. 2002లో శ్రీకాంత్ భోసలే అనే కానిస్టేబుల్ భార్యను చంపిన కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. ముందూ వెనకా చికిత్స రికార్డులు ఉండటం, పారిపోయే ప్రయత్నమేదీ చేయకపోవడం అక్కడ లెక్కకొచ్చాయి.

కాబట్టి పాత ఓపీ చీటీలు, మందుల షాపు బిల్లులు వెతకండి. ఆఖరి బిల్లు మీది తేదీ మందులు ఎప్పుడు మానేశాడో చెబుతుంది. ఆ వారం పంపిన వాయిస్ మెసేజ్‌లు చెరపకండి. కత్తి దాచాడా, అక్కడే కూర్చుండిపోయాడా అన్నది చూసినవాళ్ళు మరిచిపోకముందే లాయరు గారికి తెలియాలి. అరెస్టయినప్పటి వైద్య పరీక్ష, జైల్లో చేర్చుకున్నప్పటి పరీక్ష రికార్డులు తెప్పించమనండి. లేనిది మాత్రం కల్పించవద్దు. అవతలి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క అబద్ధం దొరికితే అసలు చీటీలనూ అనుమానిస్తారు. ఇష్టపూర్వకంగా తాగిన మత్తుకు ఈ రక్షణ వర్తించదని కూడా గుర్తుంచుకోండి.

విచారణకు తగడని తేలితే, ఆసుపత్రిలో ఉంచాల్సిన అవసరం లేకపోతే, చికిత్స చేయిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూసుకుంటామని మీరు పూచీ ఇస్తే నాగరిక్ సురక్షా సంహిత 369వ సెక్షన్ కింద బెయిలు వస్తుంది. న్యాయ సంహిత 22 కింద నిర్దోషి అన్నా, పొడిచింది అతనేనని తేలితే కోర్టు నేరుగా ఇంటికి పంపదు. సురక్షిత నిర్బంధంలో ఉంచవచ్చు, లేదా పూచీ తీసుకుని బంధువులకు అప్పగించవచ్చు.

లాయరుకు స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ములాఖత్‌కు వెళ్ళేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్ జిరాక్సు తీసుకెళ్ళి జైలు డాక్టరుకు అందించండి. మందులు వేసుకుంటే జబ్బు లేదనుకుంటారేమోనని కొన్ని కుటుంబాలు ఆపించేస్తాయి. ఆ పని చేయకండి. ఏ మందుకు ఎన్నాళ్ళకు తేరుకున్నాడో జైలు కేసు షీటులో రాసి ఉంటే, అది కూడా మీకు పనికొచ్చే సాక్ష్యమే.