పన్నెండేళ్ల తర్వాత వచ్చిన పంక్ ఆల్బమ్‌లో పాత జోరు ఉంటుందా?

"ఏళ్ల తరబడి ఆగిపోయిన పాత పంక్ బ్యాండ్ మళ్లీ ఆల్బమ్ చేస్తే అందులో నిజంగానే పాత జోరు ఉంటుందా, లేక అభిమానం కొద్దీ మనమే ఉందనుకుంటామా?" అని అడిగారు.

ఉంటుంది. పంక్ అంటే చిన్న చిన్న పాటల్ని వేగంగా, గట్టిగా వాయించే రాక్ సంగీతం. జోరు ఉందో లేదో తేల్చుకోవాలంటే నేను మొదట గొంతు వినను, గిటార్ వినను. డ్రమ్స్ వింటాను. యాభై దాటిన గాయకుడు అరిచి నెట్టుకు రావచ్చు. గిటార్‌కి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుగ్గా మార్చే ఎఫెక్ట్) పెంచితే చాలా లోపాలు దాని చాటున దాక్కుంటాయి. డ్రమ్మర్‌కి ఆ చాటు లేదు. అతను అలిసిపోతే పాట మొత్తం అలిసిపోతుంది.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం డిసెండెంట్స్. కాలిఫోర్నియా బ్యాండ్. 1982లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'మైలో గోస్ టు కాలేజ్'లో 15 పాటలుంటే, అన్నీ కలిపి 22 నిమిషాలే. పేరులో ఉన్నట్టే గాయకుడు మైలో ఆకర్‌మన్ చదువుకోడానికి వెళ్లిపోయాడు, బయాలజీలో పీహెచ్‌డీ చేశాడు, సైంటిస్టుగా స్థిరపడ్డాడు. మధ్యమధ్య వచ్చి పాడి మళ్లీ ల్యాబ్‌కి వెళ్లేవాడు. 2004లో 'కూల్ టు బి యు' వచ్చింది. ఆ తర్వాత 12 ఏళ్లు కొత్త ఆల్బమ్ లేదు.

ఆ 12 ఏళ్లలో ఏం జరిగిందో తెలియకపోతే 2016 ఆల్బమ్ విలువ తెలియదు. బాస్ వాయించే కార్ల్ అల్వరెజ్‌కి 2007లో గుండెపోటు వచ్చింది. డ్రమ్మర్ బిల్ స్టీవెన్‌సన్‌కి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది, ఆపైన మెదడులో పెద్ద కణితి బయటపడింది. 2010లో ఆపరేషన్ చేసి తీశారు. ఈ కథ 2013లో వచ్చిన 'ఫిల్‌మేజ్' అనే డాక్యుమెంటరీలో ఉంది. కణితి పెరుగుతున్న కాలంలో మనిషి ఎలా నెమ్మదించిపోయాడో అందులో చూస్తుంటే కడుపులో తిప్పుతుంది. అలాంటి మనిషి కోలుకుని, యాభై దాటాక, మళ్లీ ఆ వేగంతో 'హైపర్‌కాఫియం స్పాజినేట్' ఆల్బమ్ వాయించాడు.

నేను కాలేజీలో డ్రమ్స్ వాయించేవాణ్ని. ఉద్యోగం వచ్చాక పదకొండేళ్లు కర్ర ముట్టుకోలేదు. ఈ ఆల్బమ్ వచ్చిన వారం, మొదటి పాట 'ఫీల్ దిస్' విన్నాక కూర్చోలేకపోయాను. నిమిషం చిల్లర పాట, ఇదేం పెద్ద లెక్క అనుకుని, ఒక ప్రాక్టీస్ రూమ్ గంటకి అద్దెకు తీసుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి గోడకి ఆనించాను.

మొదటి పదిహేను సెకన్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. తర్వాత కుడి ముంజేయి మోచేతి కింద నుంచి బిగుసుకోవడం మొదలైంది. ఈ రకం బీట్‌లో కుడిచెయ్యి ఆగదు, హై-హ్యాట్ (జంట తాళాలు) మీద కొడుతూనే ఉండాలి. ఎడమచెయ్యి స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) మీద పడుతుంటే, ఆ సందుల్లో కాలు కిక్ (పెడల్‌తో మోగే పెద్ద డ్రమ్) కొట్టాలి. చెయ్యి బిగుసుకున్నకొద్దీ కర్రని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అక్కడే తప్పు. గట్టిగా పట్టుకుంటే కర్ర ఎగిరి వెనక్కి రాదు, ప్రతి దెబ్బనీ మనమే ఎత్తి కొట్టాలి. ముప్పై సెకన్లకి పాట నా ముందు వెళ్లిపోయింది, నేను దాని వెనక పరిగెడుతున్నాను. నలభై సెకన్లు దాటాక చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య చర్మం లేచిపోయింది, చెమటకి కర్ర జారి నేలమీద పడింది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఆ పెద్దాయన ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి ఆ రికార్డింగ్ విన్నాను. నా వేగం ఎక్కడ పడిపోయిందో స్పష్టంగా వినబడుతోంది. ఆ రాత్రే సాధన కోసం వాడే రబ్బర్ ప్యాడ్ తీశాను. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 140 దెబ్బల దగ్గర పెట్టి, మణికట్టుతో కాకుండా వేళ్లతో కర్రని ఆడించడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాను. వారానికి ఐదు చొప్పున పెంచుకుంటూ పోయాను. ఆ పాట ఆపకుండా చివరిదాకా వాయించడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ ఒక్క పాట. వాళ్ల ఆల్బమ్‌లో 16 ఉన్నాయి.

అందుకే "ముసలాళ్లు కుర్రాళ్ల వేషం వేస్తున్నారు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అన్నవాళ్లు ఒక్క నిమిషం ఆ స్టూల్ మీద కూర్చుని చూడాలి. పైగా ఈ ఆల్బమ్‌లో వాళ్లు ఎక్కడా కుర్రాళ్లలా నటించలేదు. 'నో ఫ్యాట్ బర్గర్' పాటే తీసుకోండి. 1981 ప్రాంతంలో జిడ్డు తిండి మీద అరిచి పాడిన బ్యాండ్, 2016లో డాక్టర్ రక్తపరీక్ష చూసి ఇక అవన్నీ బంద్ అన్నాడని అంతే వేగంగా పాడింది. వయసు గురించి పాడుతూ వయసు కనబడకుండా వాయించడం నేను ఇంకెక్కడా ఇంత బాగా వినలేదు.

ఇంకో సంగతి. నలుగురూ ఒకే గదిలో కూర్చుని చేసిన ఆల్బమ్ కాదిది. డ్రమ్స్ కొలరాడోలో బిల్ సొంత స్టూడియోలో, గిటార్ ఓక్లహోమాలో స్టీఫెన్ ఎగర్టన్ దగ్గర, గొంతు డెలావేర్‌లో మైలో ఇంట్లో. అలా ముక్కలుగా చేసింది కూడా ఒక్క ఊపిరితో వాయించినట్టుంటుంది. ఎందుకంటే అడుగున ఉన్న డ్రమ్స్ బతికున్నాయి. ఈమధ్య చాలా రికార్డుల్లో డ్రమ్మర్ కొట్టిన ప్రతి దెబ్బనీ కంప్యూటర్‌లో జరిపి, కచ్చితమైన తాళం గీతలకి అతికిస్తున్నారు. ఏ దెబ్బ ముందుకి తోసిందో, ఏది ఒక్క క్షణం వెనక్కి లాగిందో తెలియకుండా పోతోంది. పంక్‌లో ఊపంతా ఆ తేడాలోనే ఉంటుంది. దాన్ని చెరిపేసి, పైన వాల్యూమ్ పిండి, జోరుగా ఉంది చూడండి అంటే నేను ఒప్పుకోను.

కొత్త పాట ఒక్కటి కూడా రాయకుండా పాతవాటితోనే ఏళ్ల తరబడి టూర్లు తిరిగే బ్యాండ్లంటే కూడా నాకు బాధే. వాళ్లని చూడటానికి వెళ్తాను, గొంతు కలిపి పాడతాను కూడా. కానీ ఇంటికొచ్చాక ఏదో వెలితిగా ఉంటుంది.

డ్రమ్మర్ మారినా బాగా వచ్చిన ఆల్బమ్ లేదా అంటే, ఉంది. ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ బజ్‌కాక్స్ 1981లో విడిపోయి, 1989లో కలిసి, 1993లో 'ట్రేడ్ టెస్ట్ ట్రాన్స్‌మిషన్స్' తెచ్చారు. పాతవాళ్లలో మిగిలింది పీట్ షెల్లీ, స్టీవ్ డిగుల్. డ్రమ్స్ మీద కొత్తవాడు. పాటలు చక్కగా ఉన్నాయి, నేను ఇప్పటికీ వింటాను. కానీ వాళ్ల పాత డ్రమ్మర్ జాన్ మేహర్ చేతులు ఆ పాటలమీద పడుంటే ఎలా ఉండేదో అనిపించకుండా ఏనాడూ వినలేకపోయాను.

మీకు నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. 1982 ఆల్బమ్‌లో ఏదైనా ఒక పాట పెట్టండి, అది అవ్వగానే 'ఫీల్ దిస్' పెట్టండి. పదాలు పట్టించుకోకుండా స్నేర్ ఒక్కటే వినండి. మధ్యలో 34 ఏళ్లున్నాయి.