డాక్టర్ సలహా: మోకాలికి నొప్పి మాత్ర, రక్తపోటు మాత్ర, ఎండలో సైకిల్... ముందు క్రియాటినిన్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 53, బరువు 84 కిలోలు. చెన్నై వేలచ్చేరిలో ఉంటాం. మూడు నెలల క్రితం ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నాను. కాలేజీ రోజుల తర్వాత మళ్లీ సైకిలెక్కడం ఇదే, వదలబుద్ధి కావడం లేదు. వారంలో నాలుగు రోజులు పొద్దున్నే గంటసేపు తొక్కుతాను. ఆదివారం ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) మీద ముట్టుకాడు దాకా వెళ్లొస్తాను, రానూపోనూ 40 కిలోమీటర్లు దాటుతుంది. చివర్లో బ్యాటరీ అయిపోతే ఉత్త సైకిల్‌లా తొక్కుకుంటూ వచ్చేస్తాను. దారిలో రెండు కొబ్బరి బొండాలు తాగుతాను. ‘మోటారు తోసే సైకిల్‌తో వ్యాయామమేమిటి’ అని స్నేహితులు నవ్వుతున్నారు. బరువు తగ్గాలంటే అసిస్ట్ (మోటారు ఇచ్చే సాయం) ఎన్నో లెవెల్లో పెట్టుకోవాలి? నెలన్నరగా మోకాలి చిప్ప దగ్గర నొప్పి. మందుల షాపులో ఇచ్చిన ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకు రెండు, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటున్నాను. మానేస్తే నొప్పి మళ్లీ వస్తోంది. కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర ఆరేళ్లుగా వాడుతున్నాను. ఈమధ్య సాయంత్రానికి కాళ్ల మీద సాక్సు ముద్ర పడుతోంది. ఇదంతా సైకిల్ వల్లేనా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: అసిస్ట్ లెవెల్ సంగతి చివర్లో చెబుతాను. మీ ఉత్తరంలో నా కన్ను పడింది ఆఖరి మూడు నాలుగు వాక్యాల మీద. నెలన్నరగా రోజుకు రెండు నొప్పి మాత్రలు, పక్కన ఆ బీపీ మాత్ర, పైగా ఎండలో చెమటోడ్చడం. ఇప్పుడు సాక్సు ముద్ర. మిమ్మల్ని చూడకుండా ఇది ఫలానా జబ్బని రాయలేను. కాళ్ల వాపుకు గుండె, కాలేయం, సిరలు, మూత్రంలో ప్రొటీన్ పోవడం వంటి కారణాలు చాలా ఉంటాయి. కానీ మీ విషయంలో ముందు కిడ్నీల పనితీరు చూడాలి.

కిడ్నీలో వడపోత గుచ్ఛానికి రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఒత్తిడి సరిగా ఉంటేనే వడపోత సాగుతుంది. ఎసిక్లోఫినాక్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ రకం మాత్రలు లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని, ఉప్పును తగ్గిస్తుంది. ఒక్కొక్కటిగా కిడ్నీ వీటిని తట్టుకుంటుంది. మూడూ కలిసి, దానికి రెండు గంటల ఈసీఆర్ చెమట తోడైతే, వడపోతకు కావాల్సిన ఒత్తిడే ఉండదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. నొప్పి మాత్ర ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెడుతుంది, బీపీ పెంచుతుంది. అంటే ఒక చేత్తో బీపీ మాత్ర, ఇంకో చేత్తో దానికి విరుగుడు వేసుకుంటున్నట్టే.

‘గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నాను కదా, ఏమీ కాదు’ అనే ధీమా చాలామందిలో ఉంటుంది. ఆ మాత్ర కాపాడేది కడుపును. కిడ్నీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. షాపతను మీ బీపీ మాత్ర పేరు అడిగాడా? అడిగి ఉండడు. మీరూ చెప్పి ఉండరు. మూడు రోజుల నొప్పికి వేసుకునే మాత్ర నెలన్నర సాగిందంటే తప్పు షాపతనిది ఒక్కడిదే కాదండీ.

ఈ రోజు నుంచే ఆ నొప్పి మాత్ర ఆపండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది చూసే డాక్టరే తేల్చాలి. రెండు మూడు రోజుల్లో మీ ఫిజీషియన్‌ని కలవండి. సీరం క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం), సోడియం, పొటాషియం, యూరిన్ రొటీన్ (మామూలు మూత్ర పరీక్ష) అవసరం కావచ్చు. క్రియాటినిన్ ల్యాబ్ కాగితంలో చెప్పిన హద్దులో ఉందని సంబరపడకండి. పోల్చాల్సింది మీ పాత రిపోర్టుతో. నిరుడు 0.8 ఉండి ఇప్పుడు 1.2 అయితే కాగితం నార్మల్ అనే అంటుంది, మేం అనం. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

రిపోర్టు వచ్చేదాకా బొండాలు వద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచగలదు. కిడ్నీ కాస్త మందగించిన మనిషికి ఈ రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. గంటసేపు తొక్కడానికి మామూలు నీళ్లు చాలు, పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. బీపీ ఉంది కాబట్టి ఉప్పు దట్టించిన మజ్జిగ, ఓఆర్ఎస్ రోజూ తాగే పానీయాలు కావు. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజున సైకిల్ తీయొద్దు, బీపీ మాత్ర గురించి డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ఇక మోకాలు. చిప్ప ముందు భాగంలో నొప్పి అంటే సీటు కిందికి ఉందేమోనని మొదట అనుమానిస్తాం. ఎలక్ట్రిక్ సైకిల్ కొత్తగా కొన్నవాళ్లు ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించేస్తారు. బరువైన బండి కదా, భయం సహజమే. కానీ సీటు దిగితే తొక్కిన ప్రతిసారీ మోకాలు ఎక్కువగా మడుచుకుని చిప్ప వెనక రాపిడి పెరుగుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి మడమను దాని మీద పెట్టండి. కాలు నిటారుగా చాచుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. మామూలుగా తొక్కేటప్పుడు వేళ్ల మొదలు దగ్గరి ఉబ్బు పెడల్ మీద ఉంటుంది, అప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటే సరిపోతుంది. సీటును ఒకేసారి ఎత్తేయకుండా 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచి రెండు మూడు రోజులు చూడండి. మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువైందని అర్థం. సీటు గొట్టం మీద కనీస లోతు గీత ఉంటుంది, అది బయటికి కనిపించేంత ఎత్తొద్దు.

రెండో తప్పు గేరుది. మన దగ్గర దొరికే చవక మోడళ్లలో ఎక్కువగా ఉండేది పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సారు. మీరు ఎంత బలంతో తొక్కుతున్నారో దానికి పట్టదు. అందుకని చాలామంది గేరు పెద్దదానిలోనే వదిలేస్తారు, మోటారు లాగేస్తుంది కదా అని. సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు, మోటారు అందుకునేలోపు ఆ మొదటి తొక్కుల భారమంతా మోకాలిదే. ఆగబోయే ముందే గేరు తేలిక చేయండి. ఒక కాలు 15 సెకన్లలో 16 నుంచి 20 సార్లు తిరిగితే మోకాలికి హాయి. ఇక బ్యాటరీ అయిపోయాక 20 కిలోలకు పైబడ్డ సైకిల్‌ని పెద్ద గేరులో ఇంటిదాకా తొక్కడం... మీ నొప్పి సగం అక్కడే పుట్టి ఉంటుంది. డిస్‌ప్లేలో చార్జి సగానికి దిగకముందే వెనక్కి తిరగండి. వచ్చేటప్పుడు ఎదురుగాలి తగిలితే లెక్క తప్పుతుంది.

రెండు వారాలు ఆదివారం ప్రయాణం మానండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. పూత మందు రక్తంలోకి వెళ్లేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ, అయినా క్రియాటినిన్ చూశాకే అడిగి రాయండి. తప్పనిసరైతే పారాసిటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర, అదీ డాక్టరు చెప్పిన లెక్కలోనే. ఇప్పటిదాకా వేసుకున్న దానిలోనూ పారాసిటమాల్ ఉందని గుర్తుంచుకోండి. మోకాలు వాచినా, పట్టేసినా, మెట్లు దిగుతుంటే కాలు జారిపోతున్నట్టున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాలి.

చిటికెన వేలి తిమ్మిరి చాలాసార్లు హ్యాండిల్ మీద అరచేతి అంచు నొక్కుకోవడం వల్ల వస్తుంది. అక్కడ చిటికెన వేలికి వెళ్లే అల్నార్ నరం పైపైనే ఉంటుంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి, వాలితే ఒంటి బరువంతా చేతుల మీదికి జారుతుంది. సమంగా పెట్టి, మణికట్టు వంచకుండా పట్టుకుని, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. అదురు చేతులకు తగలకుండా, టైర్లలో గాలి టైరు పక్కన అచ్చు వేసిన హద్దు దాటకూడదు. సైకిలెక్కని రోజున కూడా తిమ్మిరి ఉంటే, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైతే ఆలస్యం చేయొద్దు.

అసిస్ట్ లెవెల్ అడిగారు. నంబరు ముఖ్యం కాదు, ఒక్కో కంపెనీ లెవెల్ ఒక్కోలా ఉంటుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతటి శ్రమ వచ్చే లెవెల్ మీది. వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, మీరు అది ఎప్పుడో దాటేశారు. స్నేహితుల్ని నవ్వనివ్వండి. బరువు తగ్గకపోవడానికి మోటారు కంటే తిరుగు దారిలోని నెయ్యి పొంగలి, రెండు వడలే కారణం కావచ్చు, మీరు రాయలేదు గానీ. తొక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, దవడలోకో ఎడమ చేతిలోకో నొప్పి పాకినా మళ్లీ గ్యాస్ మాత్ర వెతక్కండి, సైకిల్ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గరికి బీపీ చీటీ ఒక్కటే పట్టుకెళ్లకండి. ఆ నొప్పి మాత్ర స్ట్రిప్పు, పాత రక్తపరీక్ష కాగితం కూడా అదే కవర్లో పెట్టుకోండి. నెలన్నరగా వేసుకుంటున్నానని మొహమాటం లేకుండా చెప్పండి. కుర్చీలో కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట మోకాలు గురించి కాదు, అదే.