నియంతల మీద తీసిన సినిమాల్లో చూపించేది ఎంతవరకు నిజం?

మనుషుల తీరు, ఆనాటి భయం చాలావరకు నిజమే. కాలక్రమం మాత్రం నమ్మకండి. 'ది డెత్ ఆఫ్ స్టాలిన్' (2017)లో స్టాలిన్ పోయిన కొద్ది రోజులకే, అతని రహస్య పోలీసు వ్యవస్థను నడిపిన బెరియాను చంపేస్తారు. అసలు స్టాలిన్ చనిపోయింది 1953 మార్చి 5న. బెరియా అరెస్టు జూన్‌లో, మరణశిక్ష డిసెంబర్‌లో. నెలల కథను రెండు గంటల్లోపు ఇరికించాలంటే తప్పదు మరి.

ఉగాండా నియంత ఈదీ అమీన్ మీద వచ్చిన 'ది లాస్ట్ కింగ్ ఆఫ్ స్కాట్లండ్' (2006)లోనైతే అమీన్‌ను ఎవరి కళ్లతో చూస్తామో ఆ స్కాటిష్ డాక్టరే కల్పిత పాత్ర. నాకు ఇదే ఎక్కువ ఇబ్బంది. తేదీల తప్పు వెతికి దిద్దుకోవచ్చు, లేని మనిషి కళ్లతో చూసిన అమీన్ మాత్రం అలాగే మనసులో ఉండిపోతాడు.

హిట్లర్ చివరి రోజుల 'డౌన్‌ఫాల్' (2004) కాస్త నయం: అతని సెక్రటరీ ట్రౌడల్ యూంగె జ్ఞాపకాలు దానికి ఒక ఆధారం. అయినా ఆవిడ లేని గదుల్లోని మాటలకు వేరేవాళ్ల సాక్ష్యమో, రచయిత ఊహో దిక్కు.