థైరాయిడ్ గోలి వేస్కునే చెల్లెండ్లకు, తమ్ముళ్లకు ఒక మాట

మన నల్గొండ, పాలమూరు దిక్కు నుంచి కొత్తగ వచ్చెటోళ్లు సూట్‌కేసుల పచ్చళ్లు, సకినాలతోటి థైరోనార్మ్ అనే థైరాయిడ్ గోలీల డబ్బాలు గూడ పెట్టుకొని వస్తరు, మిర్యాలగూడ నుంచి డల్లాస్ వచ్చినప్పుడు నేను గూడ అట్లనే తెచ్చుకున్న. తెచ్చుకోండి, కానీ డాక్టర్ చీటి, చివరి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎట్లున్నదో చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు గూడ పెట్టుకోండి, ఇక్కడి డాక్టర్‌కు చూపెట్టాలె, ఆ డాక్టర్ చీటి రాయకుంటె ఫార్మసీల ఇయ్యరు. మందు అదే లీవోథైరాక్సిన్, సీసా మీద పేరే మారుతది. ఒక్కోసారి 0.05 ఎంజీ అని రాసుంటది, అది మన 50 ఎంసీజీనే (మైక్రోగ్రాములు), లెక్క తప్పకండి.

అన్నిటికన్న ముఖ్యం చాయ్ సంగతి. వచ్చిన కొత్తల నేను పొద్దుగాల గోలి నోట్లె వేస్కోని వెంటనే పాల చాయ్ తాగేదాన్ని, టిఫిన్ కాంగనే కాల్షియం గోలి. దువ్వెన నిండ జుట్టు, మధ్యాహ్నం అయితె కుర్చీలనే నిద్ర, టెస్టు చేస్తే టీఎస్‌హెచ్ 9 దాటింది, అంటే మందు సరిపోతలేదన్నట్టు. డోసు పెంచుదమనుకుంటుంటె నర్సు అడిగింది, గోలి ఎప్పుడు మింగుతవ్, దాని వెంట ఏం తాగుతవ్ అని. డోసు ముట్టకుండ చాయ్ గంట ఆపి, కాల్షియం రాత్రికి మార్చిన, రెండు నెలలకు 3కి దిగింది.

పాల చాయ్, కాల్షియం గోలిని ఒంటికి సరిగ పట్టనియ్యవు, అందుకే పరగడుపున, ఉత్త నీళ్లతోటి మింగి, అరగంట నుంచి గంట దాక ఏం ముట్టకండి. కాల్షియం, ఐరన్, గ్యాస్‌కు వేస్కునే యాంటాసిడ్, వీటికి నాలుగు గంటల ఎడం ఉండాలె. పొద్దున కుదరనోళ్లు తిన్న మూడు గంటలకు, పండుకునే ముందు వేస్కోవచ్చు, డాక్టర్‌కు చెప్పి రోజూ అదే టైం పెట్టుకోండి. విమానంల టైం అటుఇటు అయ్యిందని గాబరా వద్దు, ఈ మందు ఒంట్లె రోజుల తరబడి ఉంటది. అందుకనే డోసు మారినా, కంపెనీ మారినా ఆరు నుంచి ఎనిమిది వారాలకు టెస్టు చేపిస్తరు, పది రోజులకే చేపిస్తే తెల్వదు.

జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ గోలి తింటున్నరా, టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, లేకుంటె రిపోర్టే తప్పొస్తది. బరువు తగ్గాలని సొంతంగ ఎక్కువ మింగితె గుండె దడ, ఎముకలు గుల్ల.

కడుపుతోటి ఉన్నమని తెలిసిన రోజే డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి చెల్లె. మొదటి మూడు నెలలు బిడ్డకు తల్లి హార్మోనే ఆధారం, డోసు చానమందికి పెంచాల్సొస్తది. అపాయింట్‌మెంట్ నెలకు ఇస్తమంటె ఊకోకండి, నాకు థైరాయిడ్ ఉన్నది అని ఫోన్లనే చెప్పి టీఎస్‌హెచ్ రాయించుకోండి.